బంగాళాఖాత సముద్ర సరిహద్దు వివాదం (భారత్–బంగ్లాదేశ్)

హరియాభంగ నదీముఖం నుంచి బంగాళాఖాతంలోకి సాగే సరిహద్దుపై భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య దశాబ్దాలు నడిచిన వివాదం. 1947 దేశ విభజన నాటి రాడ్‌క్లిఫ్ తీర్పు పటంలోని సరిహద్దు గీత ఎక్కడ ముగుస్తుందన్న ప్రశ్నే దీనికి మూలం. 1970 తుపాను తరువాత నదీముఖం వద్ద తేలిన న్యూమూర్ దీవిని (బంగ్లాదేశ్‌లో దక్షిణ తాల్పట్టి) రెండు దేశాలూ తమదే అన్నాయి. ఆ ఇసుకదిబ్బ నీట మునిగిపోయిందని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వెల్లడించారు.

బంగ్లాదేశ్ 2009లో ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం కింద మధ్యవర్తిత్వం కోరింది. హేగ్‌లో విచారణ జరిపిన ట్రిబ్యునల్ 2014 జులై 7న తీర్పు చెప్పింది. భారత్ సమదూర రేఖ కోరగా, బంగ్లాదేశ్ తన తీరం లోపలికి వంగి ఉన్నందున ఆ రేఖ అన్యాయమని వాదించింది. ట్రిబ్యునల్ ఈ వాదనను కొంతమేర అంగీకరించి రేఖను సవరించింది. వివాదంలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. న్యూమూర్ ఉన్న చోటు భారత్ వైపే నిలిచింది.

ట్రిబ్యునల్ సభ్యుడు పెమ్మరాజు శ్రీనివాసరావు రేఖ సవరణతో విభేదించారు. సవరించిన రేఖ వల్ల సముద్రగర్భం బంగ్లాదేశ్‌కు, పైనున్న నీరు భారత్‌కు చెందే ‘బూడిద ప్రాంతం’ ఏర్పడటాన్నీ ఆయన ఒప్పుకోలేదు. న్యాయ పరిశోధకులు నిశితంగా చర్చించదగిన భాగమిదే: ఒకే చోట చేపల హక్కు ఒకరిది, చమురు హక్కు మరొకరిది.