కేరెన్ కంచం

1982, న్యూయార్క్. ఒక మానసిక చికిత్సకుడి గది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన తల్లి ఆగ్నెస్, తండ్రి హెరాల్డ్, అన్న రిచర్డ్ కూర్చున్నారు. ఎదురుగా కేరెన్ కార్పెంటర్. అన్నతో కలిసి ‘కార్పెంటర్స్’ పేరుతో లోకమంతా మారుమోగిన గాయని, డ్రమ్స్ కళాకారిణి. వెక్కి వెక్కి ఏడుస్తోంది. మిమ్మల్ని ఇంత ఇబ్బంది పెట్టాను, క్షమించండంటోంది.

మీకు తనంటే ప్రేమ ఉందన్న మాట ఆమె చెవిన పడాలన్నాడు చికిత్సకుడు స్టీవెన్ లెవెన్‌క్రాన్. రిచర్డ్ వెంటనే చెప్పేశాడు. లెవెన్‌క్రాన్ తల్లివైపు తిరిగి “ఆగ్నెస్?” అన్నాడు. మేం ఉత్తరాది వాళ్లం, మాకలా చెప్పుకునే అలవాటు లేదందావిడ. పైగా తనను మిసెస్ కార్పెంటర్ అని పిలవమంది. కేరెన్ జీవితకథ రాసిన రాండీ ష్మిట్ నమోదు చేసిన ఘట్టమిది.

ఆవిడను రాక్షసిని చేయడం తేలిక. నాకు మాత్రం ఆవిడ బాగా తెలిసిన మనిషిలాగే అనిపిస్తుంది. ప్రేమను నోటితో చెప్పడం రాని ఇళ్లు మన దగ్గర తక్కువా?

ఆ ఇంట్లో పెద్దపీట రిచర్డ్‌దే. 1963లో కుటుంబం కనెక్టికట్ వదిలి కాలిఫోర్నియాలోని డౌనీకి మారింది కూడా చాలావరకు అతని సంగీతం కోసమే. కేరెన్ ఇష్టప్రకారం సాగేది తిండి ఒక్కటేనని ఆమె గురించి రాసినవారు అంటారు. భోజనాల బల్ల దగ్గర వంటకాన్ని తెగ పొగుడుతూ, తన కంచంలోంచి తలా కాస్త రుచి చూపించేది. అలా కంచం ఖాళీ అయ్యేది, తను మాత్రం తినేది కాదు. 1975లో నీరసించిపోవడంతో యూరప్ కచేరీలు రద్దయ్యాయి. ఎన్ని కిలోలకు దిగిపోయిందో రాయను. ఆ అంకెతో పోటీపడే పిల్లలుంటారు.

1983 ఫిబ్రవరి 4 ఉదయం డౌనీలో తల్లిదండ్రుల ఇంట్లో కుప్పకూలింది. చూసింది తల్లే. చనిపోయేనాటికి కేరెన్‌కు 32 ఏళ్లు.

తప్పంతా తల్లిదేనా? కాదు. వంశపారంపర్యం, స్వభావం, డైటింగు, నలుగురి మాటలు అన్నీ కలిసి తెచ్చేది ఈ తిండి మానేసే జబ్బు. ఇంట్లోవాళ్లకు తెలిసిన దారులు రెండే, బతిమాలడం, బెదిరించడం అని ఫ్రెంచి వైద్యుడు లాసేగ్ 1873లోనే గమనించాడు. రెండూ పిల్ల పట్టుదలనే పెంచుతాయి. 1980లలో లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు వేరే దారి పట్టారు. అమ్మానాన్నలను బోనులోంచి దించి, దగ్గర కూర్చుని తినిపించే పని వాళ్లకే అప్పగించారు. టీనేజీ పిల్లల విషయంలో ఈనాడు ఎక్కువ ఆధారాలున్న చికిత్స అదే.

మా విశాఖ గాజువాకలో అది కుదరాలంటే కష్టమే. నాన్నకి ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు, పిల్లకి ఇంటర్ కోచింగు. అందరూ ఒక్కచోట కూర్చునేది పండక్కే. ఆ పండక్కి వచ్చిన అత్త గుమ్మంలోనే “ఏటే, ఇలగ లావైపోనావు!” అంటుంది. మరుసటి సంక్రాంతికి అదే నోరు “ఇలగ పీక్కుపోనావేటే? మీ యమ్మ కూడెట్టట్లేదేటి?” అంటుంది. మాడ్స్‌లీ పద్ధతి ఇక్కడ మొదలుపెడితే ముందు ఆ అత్త నోటికి తాళం వేయాలి.

కంచం దగ్గర దాగుడుమూతలు, నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే కేజీహెచ్‌కో, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416లో తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ పిల్లే చేయనక్కర్లేదు, అమ్మో నాన్నో చేసినా చాలు.