ఎక్స్-రేకు చిక్కని స్నాయువు

యాదగిరిగుట్ట చుట్టుపక్కల తాటిచెట్లకు కొదువ లేదు. కల్లుగీత కార్మికులు మోకు జారి చెట్టు మీదనుంచి పడడము కూడా ఈ ప్రాంతానికి కొత్త కాదు. అలా పడినవారిలో కొందరికి భుజాస్థి పైకొస విరుగుతుంది. కొన్ని వారాలకు ఎముక అతుకుతుంది. అప్పటికీ చేయి పైకి లేవకపోతే ‘భుజము పట్టేసింది, వ్యాయామము చేస్తే వస్తుంది’ అని చెప్పడము చాలాకాలము వాడుకగా సాగింది. పట్టేసే భుజాలు ఉన్నమాట నిజమే. కాని కొందరిలో అసలు కారణము తెగిన స్నాయువు. చెట్టెక్కి బతికే మనిషికి ఈ తేడా తిండికి సంబంధించినది.

భుజాస్థి శిరస్సును నాలుగు కండరాల స్నాయువులు టోపీ వలె కప్పి ఉంటాయి. వాటిలో మూడు, ఎముకకు వెలుపలి ప్రక్కనున్న పెద్ద గుబ్బకు అంటుకొని ఉంటాయి. అందుచేత ఆ గుబ్బ విరిగినప్పుడు స్నాయువులను కూడా అనుమానించాలి. నలభై ఏళ్ళు దాటినవారిలో కీలు తొలగినప్పుడూ అంతే.

1895లో రాంట్జెన్ కనుగొన్న ఎక్స్-కిరణాలు ఎముకను చూపాయి గాని స్నాయువును చూపలేదు. ఆ కనిపించని భాగముపై పట్టుదలగా పనిచేసినవాడు బోస్టన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్మన్. విచిత్రమేమంటే ఎక్స్-రేను తొలి రోజులలోనే చేపట్టిన వైద్యులలో ఆయన ఒకడు. తెగిన స్నాయువును కుట్టిన అనుభవమును 1911లో ప్రకటించి, 1934లో భుజము మీదనే ఒక పెద్ద గ్రంథము వెలువరించాడు. ఆ తరువాత కూడా చిరుగును చూడాలంటే కీలులోనికి రంగుమందు ఎక్కించి ఎక్స్-రే తీయడమో, కోసి చూడడమో చాలాకాలము గతి అయింది.

అల్ట్రాసౌండ్ మరొక దారిన వచ్చింది. గ్లాస్గోలో ఇయన్ డోనాల్డ్, లోహములో పగుళ్ళను వెదికే పరికరముతో ప్రయోగాలు మొదలుపెట్టి, 1958లో కడుపులోని గడ్డల చిత్రాలను ప్రచురించాడు. లోహపు పగులును వెదికిన ధ్వని స్నాయువు చిరుగును చేరడానికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది. 1980లలో అమెరికాలో మిడిల్టన్, క్రాస్ వంటి వైద్యులు భుజ పరీక్షకు ఒక పద్ధతిని ఏర్పరచారు. పూర్తిగా తెగినచోట నల్లని ఖాళీ కనబడుతుంది, లేదా పైనున్న కండరము నేరుగా ఎముకపై వాలి ఉంటుంది. చేతిని కదిలిస్తూ చూడవచ్చును. ఎక్స్-రేలో దాగిన సన్నని విరుగుడు కూడా ఒక్కొక్కప్పుడు దీనిలో బయటపడుతుంది. ఎముకకు లోహపు పలక బిగించినవారిలో ఎమ్మారై చిత్రము చెదురుతుంది. అల్ట్రాసౌండ్‌కు ఆ ఇబ్బంది తక్కువ. అయితే పరీక్షించే చేతికి నైపుణ్యము ఉండాలి. విరిగిన కొత్తలో నొప్పి వలన చేతిని వెనుకకు తిప్పలేరు, తిప్పమని బలవంతము చేయకూడదు.

మన దేశములో ఈ యంత్రము కథ ఇంకొక మలుపు తిరిగింది. 1994 నాటి గర్భస్థ లింగనిర్ధారణ నిరోధ చట్టము ప్రకారము అల్ట్రాసౌండ్ యంత్రాలను నమోదు చేయించాలి. ఇష్టము వచ్చిన చోటికి మోసుకుపోవడానికి వీలు లేదు. ఆడశిశువుల రక్షణకు ఆ కట్టుబాటు అవసరమే, దానిని సడలించమని నేను అనను. కాని స్కానింగు అంటే గర్భిణికి చేసేదే అన్న భావన పల్లెలలో నిలిచిపోయింది. భుజానికి కూడా స్కానింగు ఉంటుందని చెబితే నవ్వినవారిని నేను ఎరుగుదును.

ఇప్పుడు గుట్టకు దగ్గరలోనే, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. అక్కడ వైద్య విద్య 2019లో మొదలయింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వము గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచము’ పేరిట భద్రతా పరికరాలు ఇవ్వడము మొదలుపెట్టింది. పడినవారి విషయములో మాత్రము కాలము ముఖ్యము. తెగిన స్నాయువు నెలలు గడిచేకొద్దీ వెనుకకు ముడుచుకుపోతుంది, కండరము క్రొవ్వుగా మారుతుంది, కుట్టడము కష్టమవుతుంది. ఎముక అతికిన తరువాత కూడా చేయి స్వయముగా పైకి లేవక, మరొకరు ఎత్తితే సులువుగా లేస్తున్నట్లయితే, స్నాయువులను పరీక్షించమని మీ వైద్యుని అడగండి.