అనంతపురం మెట్టసీమలో సహాయక ఉపకరణాలు: పంపిణీ నుంచి నిపుణ సలహా వరకు

1. ఉపోద్ఘాతం

వికలాంగుల సంక్షేమ చరిత్రను సాధారణంగా పంచిన వస్తువుల లెక్కగా చెబుతారు. ఎన్ని మూడు చక్రాల బండ్లు, ఎన్ని చంకకర్రలు, ఎన్ని వినికిడి యంత్రాలు ఇచ్చారన్నది నివేదికలకు ఎక్కుతుంది. ఆ వస్తువు ఆ మనిషికి తగినదని ఎవరు, ఏ పరీక్ష చేసి నిర్ణయించారన్నది మాత్రం చాలావరకు నమోదు కాదు. అనంతపురం ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ రెండో అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. నేల, జీవనం, వైకల్యం

అనంతపురం రెండు రుతుపవనాలకూ దూరమైన వర్షచ్ఛాయా ప్రాంతం. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వర్షాధారపు వేరుశెనగ, గొర్రెల పెంపకం, కరువేళ బెంగళూరుకు వలస ఇక్కడి జీవనాధారాలు. బోరుబావులు లోతుకు పోయినకొద్దీ అనేక గ్రామాలను నీటిలోని ఫ్లోరైడ్ వేధించింది. ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్‌ను దేశంలో తొలిసారి 1937లో గుర్తించింది తెలుగునేలపైనే, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. దీనికి తోడు పోలియో ఒక తరం పిల్లల కాళ్లను చచ్చుబడేలా చేసింది.

ఇటువంటి చోట ఉపకరణం ఎంపిక వైద్య విషయం మాత్రమే కాదు. ఆసుపత్రి వరండా కోసం తయారైన కుర్చీకి ముందుండే చిన్న చక్రాలు ఇసుక వంకల్లో, రాళ్ల బాటల్లో దిగబడతాయి. నేలమీద కూర్చొని కాయలు వొలిచే స్త్రీకి మోకాలు మడవనీయని కాలిపర్ అడ్డంకి అవుతుంది. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి రూపొందించిన కృత్రిమ పాదం ఈ సత్యాన్ని గుర్తించింది. చెప్పులు లేకుండా నడవడానికీ, గొంతుకు కూర్చోవడానికీ, పొలంలో దిగడానికీ అది వీలిచ్చింది. వాడే మనిషి జీవనాన్ని తెలుసుకొని వస్తువును మలచడం అందులోని అసలు పాఠం.

3. సంఘాల నుంచి వర్క్‌షాపు వరకు

బార్సిలోనాలో 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్, మహారాష్ట్ర నుంచి వెళ్లగొట్టబడిన తరువాత 1969లో అనంతపురం చేరి గ్రామీణాభివృద్ధి సంస్థను, అంటే ఆర్‌డీటీని స్థాపించాడు. వికలాంగుల కోసం ఆ సంస్థ చేపట్టిన సమాజాధార పునరావాస కార్యక్రమం గ్రామస్థాయి వికలాంగుల సంఘాలు, ప్రత్యేక పాఠశాలలు, కృత్రిమ అవయవాలు, కాలిపర్లు తయారుచేసే వర్క్‌షాపులుగా విస్తరించింది. బత్తలపల్లి, కళ్యాణదుర్గం ఆసుపత్రులు వైద్యసేవలను పల్లెలకు దగ్గర చేశాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో ప్రచారం చేసిన సమాజాధార పునరావాస భావన ప్రకారం గ్రామ కార్యకర్త వైకల్యాన్ని తొలిదశలో గుర్తించి, కుటుంబానికి మెలకువలు నేర్పి, అవసరమైతే నిపుణుని వద్దకు పంపాలి. ఇక్కడ కార్యకర్త నిపుణునికి ప్రత్యామ్నాయం కాదు, అతని దగ్గరికి చేర్చే దారి. ఎదిగే పిల్లవాని కాలిపర్‌ను ఎప్పటికప్పుడు మార్చాలి. వంకరపాదంతో పుట్టిన శిశువుకు పొన్సెటి పద్ధతిలో కట్లు విప్పిన తరువాత కూడా దాదాపు నాలుగేళ్ల వయసు వరకు రాత్రివేళ బ్రేస్ తొడగాలి. ఈ క్రమం తప్పితే పాదం మళ్లీ వంగుతుంది. అందువల్ల సలహా ఒక్కరోజుతో ముగిసేది కాదు. అది గుర్తుచేసేవాళ్లు ఊళ్లో ఉండవలసిన పని.

4. రాజ్యం, చట్టం, శాతం

కాన్పూర్‌లో 1972లో ఏర్పడిన ఆలిమ్‌కో సంస్థ, 1981లో మొదలైన అడిప్ పథకం ఉపకరణాల తయారీకి, ఉచిత పంపిణీకి బాట వేశాయి. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ఆడియాలజిస్టులు, కృత్రిమ అవయవ నిపుణులు మొదలైనవారి శిక్షణను, నమోదును క్రమబద్ధం చేసింది. 1995 చట్టం ఉపకరణాలకు పథకాలు రూపొందించడాన్ని ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొంది. 2016 చట్టం వైకల్యాల వర్గాలను 7 నుంచి 21కి పెంచింది.

ఆంధ్రప్రదేశ్‌లో సదరం ధ్రువపత్రం ఈ వ్యవస్థకు ద్వారమైంది. అయితే దానిపై రాసే శాతం పింఛనుకు అర్హతను తేల్చగలదు గాని, ఎంత వెడల్పు కుర్చీ కావాలో, చెవికి ఏ అచ్చు సరిపోతుందో చెప్పలేదు. శరీరలోపాన్ని కొలవడం వేరు, అవసరాన్ని తెలుసుకోవడం వేరు. చక్రాల కుర్చీల విషయమై 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన మార్గదర్శకాలు ఈ తేడాను స్పష్టం చేశాయి. అవి సూచించిన ఎనిమిది దశల్లో పరీక్ష, నిర్దేశం, అమరిక, వాడకంలో శిక్షణ, మరమ్మతుతో కూడిన పర్యవేక్షణ ఉన్నాయి. పంపిణీ శిబిరం ఒక్క పూటలో ఇవ్వలేనివి సరిగ్గా ఇవే. ఒత్తిడి ఎక్కడ పడుతుందో చూడకుండా ఇచ్చిన కుర్చీ వెన్నుపూస దెబ్బతిన్న మనిషికి పుండ్లు తెచ్చి ప్రాణాంతకం కావచ్చు.

5. ముగింపు

2022 నాటి ప్రపంచ నివేదిక అంచనా ప్రకారం కనీసం ఒక సహాయక ఉపకరణం అవసరమైనవారు 250 కోట్ల మందికి పైగా ఉన్నారు. అదే సంవత్సరం జిల్లాల పునర్వ్యవస్థీకరణతో బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. హద్దులు మారినా ప్రశ్న మారలేదు. నిపుణులు పట్టణాల్లో, అవసరం పల్లెల్లో ఉన్నప్పుడు ఆ మధ్య దూరాన్ని ఎవరు భరించాలి? కూలి పోగొట్టుకొని బస్సెక్కే రోగి భరించాలా, లేక సేవను ఊరి దాకా తెచ్చే వ్యవస్థ భరించాలా? అనంతపురం అనుభవం రెండో సమాధానం సాధ్యమేనని సూచిస్తున్నది. ఇకపై రాయబోయే వైకల్య చరిత్ర ఇచ్చిన వస్తువులతో పాటు, ఏడాది తరువాత వాడుకలో ఉన్న వస్తువులను కూడా లెక్కించవలసి ఉంది.