మెట్టసీమ గుఱ్ఱములు, కడలి తెరచాపలు

పెనుకొండ దుర్గముపై నిలిచి ఎటు చూచినను మనకు కనబడునవి ఎఱ్ఱనేలలు, బండరాళ్లు, వేరుసెనగ చేలు, అక్కడక్కడ చెరువుకట్టలు. ఇక్కడివారికి సముద్రము కథలలో విను మాట. అయినను విజయనగర రాజుల కాలమున ఈ సీమను ఏలిన వారి సేనాబలము చాలవరకు అరేబియా సముద్రము మీది తెరచాపలపై ఆధారపడి యుండెను. మేలుజాతి గుఱ్ఱములు హొర్ముజ్, ఏడెన్ రేవులలో ఓడలెక్కి, భట్కళ, గోవా వంటి పడమటి రేవులలో దిగి, కనుమలు దాటి పీఠభూమికి చేరెడివి.

ఆ ఓడలెట్టివి? 13వ శతాబ్దమున హొర్ముజ్ ఓడలను చూచిన మార్కో పోలో వానిని వర్ణించెను. పలకలను ఇనుప మేకులతో గాక కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. ఒక స్తంభము, ఒక తెరచాప, ఒక చుక్కాని, పైతట్టు లేదు. సరకుపై తోళ్లు కప్పి, ఆ తోళ్లమీదనే గుఱ్ఱములను నిలిపెడివారు. ఇట్టి ఓడలు అనేకము కడలి పాలగుచున్నవని కూడ ఆయన వ్రాసెను.

అరబ్బుల ఓడలన్నిటిని పాశ్చాత్యులు ‘ధౌ’ అనిరి. నావికులు మాత్రము ఓడ ఆకృతినిబట్టి పేరు పెట్టెడివారు. తరువాతి కాలపు ఓడలలో ముందువెనుకలు రెండును కొనదేరినది బూమ్. వెనుక భాగము చదునుగా నుండి చెక్కడపు పనితో ఒప్పునది బగలా. తెరచాప కట్టు మాత్రము ఇంచుమించు ఒక్కటే. పొడవైన అడ్డకొయ్యను స్తంభమునకు ఏటవాలుగా వ్రేలగట్టి, ముందుకొనను క్రిందికి దించి, వెనుకకొనను పైకెత్తి, దానికి కోణాకారపు చాపను బిగించెడివారు. ప్రక్కగాలికి సైతము ఇది ఓడను నడుపును. కాని గాలి ప్రక్క మారినచో ఆ బరువైన కొయ్యను స్తంభము ముందునుండి త్రిప్పి ఆవలి ప్రక్కకు తేవలెను. పెనుగాలిలో అది ప్రాణాపాయకరమైన పని.

మన తూర్పుతీరపు ఓడల తీరు వేరు. శాతవాహనుల సీసపు నాణెములపై రెండు స్తంభముల ఓడ కలదు. 1834లో జాన్ ఎడై వర్ణించిన కోరమాండల్ దోనె సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, చదునైన అడుగు, ఒకే స్తంభము గలది. అది మంచి ఋతువునందే తీరము వెంబడి తిరిగెడిది.

పడమటి కడలిలోని అపాయము రాజులకు తెలియనిది కాదు. సాళువ నరసింహరాయలు గుఱ్ఱములను చచ్చినను బ్రదికినను కొనెడివాడనియు, సముద్రమున చచ్చినదాని తోక తెచ్చి చూపినచో ధర చెల్లించెడివాడనియు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. పోర్చుగీసువారు 1510లో గోవాను, 1515లో హొర్ముజ్‌ను వశపఱచుకొనిరి. అంతట గుఱ్ఱపు ఓడల రాకపోకలు వారి చేతిలో పడెను. గోవాకు వచ్చు గుఱ్ఱములు తమకే దక్కవలెనని విజయనగరము 1547లో వారితో సంధి చేసికొనవలసి వచ్చెను. 1565లో తళ్లికోట యుద్ధము జరిగిన పిదప రాజధాని పెనుకొండకు మారెను.

ఆ ఓడలను మన తీరమునకు చేర్చినది నైరృతి ఋతుపవనపు కడపటి గాలి. ఆ గాలియే పడమటి కనుమలపై తన నీటిని కుమ్మరించి, పొడిబారి మన మెట్టచేలపై వీచుచున్నది. సంవత్సరమునకు ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వానతోనే మనము సరిపెట్టుకొనుచున్నాము. గాలికై ఆకాశము వంక చూచిన నావికుడును, వానకై చూచు మన రైతును ఒకే ఋతువును నమ్మినవారు. గుఱ్ఱపు తోకకు సైతము వెలకట్టిన ఆ వృత్తాంతములో, గుఱ్ఱముతోపాటు మునిగిన నావికుని ప్రసక్తి లేదు. పెనుకొండ కోటగోడలను చూచునపుడు ఆ పేరులేని వారిని కూడ మనము ఒకమారు స్మరింతము.