ల్యాప్‌టాప్ ఫ్యాన్ దోషాలు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్: కోనసీమ పరిస్థితులు

ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ ఎప్పుడు తిరగాలో, ఎంత వేగంగా తిరగాలో చాలావరకు నిర్ణయించేది విండోస్ కాదు. ఆ పని మదర్‌బోర్డు మీది ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్‌ది. ప్రాసెసర్ ఎంత వేడెక్కిందో సెన్సార్ల ద్వారా తెలుసుకుని, ఏ వేడికి ఎంత వేగం అన్న పట్టిక ప్రకారం అది ఫ్యాన్‌ను నడుపుతుంది. కీబోర్డు, బ్యాటరీ ఛార్జింగ్ కూడా సాధారణంగా దాని అజమాయిషీలోనే ఉంటాయి. ఆ పట్టిక, దాన్ని నడిపే ప్రోగ్రాం కలిసి ఫర్మ్‌వేర్‌లో భాగం. యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం బయోస్; కంపెనీలు దాని అప్‌డేట్‌తోనే ఈ ఫర్మ్‌వేర్‌ను కూడా ఎక్కువగా కలిపి విడుదల చేస్తాయి.

పట్టికలో చిన్న తప్పు దొర్లినా ఫ్యాన్ తీరు మారిపోతుంది. ఫ్యాన్ మొదలవ్వాల్సిన వేడికీ ఆగాల్సిన వేడికీ మధ్య తేడా మరీ తక్కువైతే, అది నిమిషానికోసారి లేస్తూ పడుకుంటూ ఉంటుంది. 2006లో వచ్చిన తొలి మ్యాక్‌బుక్‌లు కొన్నింటిలో ఫ్యాన్ ఇలాగే ఆగి ఆగి తిరుగుతూ ఆవు అరిచినట్టు వినిపించేది. ఆపిల్ అదే ఏడాది ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో ఫ్యాన్ తీరును సవరించింది.

గౌతమి, వశిష్ఠ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న కోనసీమలో తప్పు ఫర్మ్‌వేర్‌దా కాదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. అంతర్వేది, ఓడలరేవు వంటి తీర గ్రామాల్లో దానికి ఉప్పు కూడా తోడవుతుంది. కొబ్బరి పీచు పని జరిగే చోట నూగు ఎగురుతుంది. తేమకు ముద్దకట్టిన దుమ్ము హీట్‌సింక్ రేకుల మధ్య అట్టలా పేరుకుంటే గాలి బయటికి పోదు. ఎంత మంచి ఫర్మ్‌వేర్ వేసినా ఫ్యాన్ అరుస్తూనే ఉంటుంది. అందుకే అమలాపురంలోనైనా, రాజోలు, కొత్తపేటల్లోనైనా మొదటి అనుమానం దుమ్ము మీదే పెట్టుకోవడం మేలు. మరో సంగతి, ఫ్యాన్ ప్రాసెసర్‌ను గది గాలి కన్నా చల్లగా చేయలేదు. మే నెలలో ఏసీ లేని గదిలో అది గట్టిగా తిరగడం దోషం కాదు.

చప్పుడు నెలల తరబడి మెల్లగా పెరిగితే అది దుమ్ము, లేదా ఎండిపోయిన థర్మల్ పేస్ట్. గరగరమంటే బేరింగు అరిగిందన్నమాట. హెచ్‌పీలో 90బీ అని, లెనోవో థింక్‌ప్యాడ్‌లలో ఫ్యాన్ ఎర్రర్ అని ఆన్ చేయగానే తెర మీద వస్తే, ఫ్యాన్ సరిగా తిరుగుతున్నట్టు కంట్రోలర్‌కు తెలియడం లేదని అర్థం. చాలా సందర్భాల్లో ఫ్యాన్ మార్చాల్సిందే. అలాకాక, శుభ్రం చేయించాక కూడా ఏ పనీ లేనప్పుడు ఫ్యాన్ పూర్తి వేగంతో తిరిగినా, స్లీప్ నుంచి లేచాక రీస్టార్ట్ చేసేదాకా కదలకపోయినా, ఏదైనా అప్‌డేట్ పడిన రోజు నుంచే తేడా కనిపించినా ఫర్మ్‌వేర్‌ను అనుమానించాలి.

విండోస్ సెర్చ్‌లో ఎంఎస్ఇన్ఫో32 అని కొడితే బయోస్ వెర్షన్, తేదీ కనిపిస్తాయి. కంపెనీ సైట్‌లో సరిగ్గా అదే మోడల్‌కు ఉన్న కొత్త వెర్షన్‌ను వాటితో పోల్చి, విడుదల వివరాల్లో ఫ్యాన్ ప్రస్తావనో, వేడి నియంత్రణ ప్రస్తావనో ఉందేమో చదవాలి. పేరు దగ్గరగా ఉందని వేరే మోడల్ ఫైలు వేయకూడదు. లినక్స్ వాడేవారు చాలా మోడళ్లలో ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే ప్రోగ్రాం ద్వారా ఈ అప్‌డేట్ వేసుకోవచ్చు. డిస్కులోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, అప్‌డేట్‌కు ముందు దాన్ని తాత్కాలికంగా నిలిపివేయాలి. లేకుంటే అప్‌డేట్ తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కొత్త వెర్షన్ వేశాక పాతదానికి వెనక్కి వెళ్లడాన్ని చాలా కంపెనీలు భద్రత పేరిట అడ్డుకుంటాయి కాబట్టి, ఫ్యాన్ బాగానే ఉన్న యంత్రానికి కేవలం సరదాకొద్దీ అప్‌డేట్ వేయడం తగదు.

అసలు ప్రమాదం కరెంటుతో. చిప్‌లో పాత ప్రోగ్రాం చెరిగి కొత్తది రాస్తున్న ఆ కొద్ది నిమిషాల్లో విద్యుత్తు ఆగితే యంత్రం మళ్లీ లేవకపోవచ్చు. ఈదురుగాలికి కొబ్బరి మట్టలు తీగల మీద పడే ఊళ్లలో, అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. బ్యాటరీ బాగుంటే అదే ఆదుకుంటుంది. బ్యాటరీ చచ్చిపోయి ఛార్జర్ మీదే నడిచే పాత ల్యాప్‌టాప్‌ను ఇన్వర్టర్ లేకుండా అప్‌డేట్ చేయనే కూడదు. మధ్యలో తెర నల్లబడవచ్చు, ఫ్యాన్ పూర్తి వేగంతో హోరెత్తవచ్చు, రెండు మూడుసార్లు రీస్టార్ట్ కావచ్చు. ఇవన్నీ మామూలే. కంగారుపడి పవర్ బటన్ నొక్కకుండా, పని పూర్తయ్యేదాకా వేచి ఉండాలి.

ఒకవేళ అప్‌డేట్ చెడి యంత్రం లేవకపోతే, చాలా హెచ్‌పీ మోడళ్లలో విండోస్, బీ మీటలు నొక్కిపట్టి ఆన్ చేస్తే పాత బయోస్‌ను తిరిగి తెచ్చే అవకాశం ఉంది. అదీ కుదరకపోతే చిప్ స్థాయి రిపేరు చేసేవారు ఎనిమిది కాళ్ల బయోస్ చిప్‌కు ప్రోగ్రామర్ తగిలించి నేరుగా రాస్తారు. రాసేముందు చిప్‌లో ఉన్నదాన్ని చదివి దాచమని వారిని అడగాలి. యంత్రం సీరియల్ నంబరు, కంపెనీ ఇచ్చిన విండోస్ కీ సాధారణంగా అందులోనే ఉంటాయి.