మూడో కార్డు: గేమింగ్ కంప్యూటర్ల చరిత్రలో ఒక డబ్లిన్ అధ్యాయం

డబ్లిన్‌లో ట్రినిటీ కళాశాల వెనక ఉన్న పియర్స్ స్టేషన్‌లో మేనూత్ రైలెక్కితే, కాసేపటికి అది రాయల్ కెనాల్ గట్టు పట్టుకుని పడమటికి సాగుతుంది. దారిలో బ్రూమ్‌బ్రిడ్జ్ అనే చిన్న స్టేషను వస్తుంది. 1843 అక్టోబరు 16న విలియం రోవన్ హామిల్టన్ తన క్వాటర్నియన్ల సూత్రాన్ని చాకుతో గీసింది ఆ పక్కనున్న వంతెన రాతి మీదనే. ఇంకా ముందుకు వెళ్తే లీక్స్‌లిప్ లూయిసా బ్రిడ్జ్ వస్తుంది. ఇంటెల్ చిప్పుల కర్మాగారం ఆ ఊళ్ళోనే ఉంది. గేమింగ్ కంప్యూటర్‌కు మెరుగులు దిద్దుకోవాలనుకున్నవారిని 2005 నుంచి 2008 దాకా ఒక ప్రశ్న వేధించింది: మూడో కార్డు కొనాలా, వద్దా? దానికి వచ్చిన జవాబుల్లో ముఖ్యమైనది ఈ రైలుదారి మీదనే, ఒక కొసన ట్రినిటీకీ మరో కొసన లీక్స్‌లిప్‌కూ మధ్య రూపుదిద్దుకుంది.

ప్రశ్న పుట్టిన సందర్భం ఇది. 2006 నాటి ఖరీదైన గేమింగ్ కంప్యూటర్ పెట్టె తెరిస్తే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్, దాని కింద పెద్ద గ్రాఫిక్స్ కార్డు, ఆ పక్కన సౌండ్ కార్డు కనిపించేవి. ఒకటో రెండో స్లాట్లు ఖాళీగా మిగిలేవి. ఆ ఏడాది మే నెలలో అజియా అనే అమెరికన్ సంస్థ రూపొందించిన ఫిజ్‌ఎక్స్ కార్డు ఆ ఖాళీని వెతుక్కుంటూ అంగళ్ళకు వచ్చింది. ఆటలో గోడ కూలితే ఇటుకలు ఎటు దొర్లాలి, జెండా గాలికి ఎలా ఎగరాలి, పగిలిన పీపాలోంచి ద్రవం ఎలా పారాలి అన్న లెక్కలు వేయడం ఒక్కటే దాని పని. చిప్పులో 12.5 కోట్ల ట్రాన్సిస్టర్లు, సొంతానికి 128 మెగాబైట్ల మెమొరీ, అమెరికాలో వెల 299 డాలర్లు. ఐర్లండ్‌లో కొనేవారికి ఆనాటి 21 శాతం వ్యాట్ అదనపు భారం. ఆ డబ్బును మరింత మంచి గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టాలా, రెండు కోర్ల ప్రాసెసర్ మీద పెట్టాలా, ఈ కొత్త సరుకు మీద పెట్టాలా అన్నది తేలిగ్గా తేలే విషయం కాదు.

కొనమనేవారి వైపు చరిత్ర సాక్ష్యం బలంగానే ఉంది. 1980లో ఇంటెల్ 8087 అనే సహాయక చిప్పును తెచ్చింది. దశాంశాల లెక్కలు వేగంగా చేయాలనుకునేవారు దాన్ని విడిగా కొని అమర్చుకునేవారు. 1989లో 486 వచ్చేసరికి ఆ పని ప్రాసెసర్‌లోనే కలిసిపోయింది. 1996లో 3డీఎఫ్ఎక్స్ సంస్థ వూడూ కార్డు తెచ్చింది. అది త్రిమితీయ దృశ్యాలు మాత్రమే గీసేది. మామూలు తెర కోసం మరో కార్డు ఉండవలసిందే, ఆ రెంటినీ బయట ఒక తీగతో కలపవలసిందే. అయినా వూడూ కొన్నవాడు మోసపోలేదు. కొత్త పని మొదట వేరు కాపురం పెట్టి, పెరిగాక ఉమ్మడి కుటుంబంలో కలుస్తుందని, ముందే కొన్నవారు ఆ మధ్యలోని కొన్నేళ్ళ వైభవాన్ని అనుభవిస్తారని ఈ రెండు ఉదాహరణలూ నేర్పాయి. అజియా నమ్ముకున్నది ఈ పాఠాన్నే.

డబ్లిన్ నుంచి వచ్చిన జవాబు వేరు. ట్రినిటీ కళాశాల కంప్యూటర్ సైన్స్ విభాగంలో పనిచేస్తున్న హ్యూ రెనాల్డ్స్, స్టీవెన్ కాలిన్స్ 1998లో హావోక్ సంస్థను స్థాపించారు. వారు అమ్మింది కార్డును కాదు, చిప్పును కాదు. ఆటలు తయారుచేసేవారు తమ ప్రోగ్రాములో కలుపుకునే ఒక ఫిజిక్స్ ఇంజిన్‌ను. 2000లో మ్యూనిక్ నగరానికి చెందిన ఇపియాన్ అనే పోటీ సంస్థను కూడా తమలో కలుపుకున్నారు.

ఇలాంటి ఇంజిన్ చేసే పని చెప్పుకోవడానికి సులభమే. దృశ్యంలో ఉన్న ప్రతి వస్తువుకూ బరువు, వేగం, తిరిగే దిశ ఉంటాయి. కొద్దిపాటి కాలం గడిచిందనుకుని ప్రతిదాన్నీ ముందుకు జరపాలి. ఏది దేనికి తగిలిందో కనిపెట్టాలి. తగిలినవాటిని ఒకదానిలో ఒకటి దూరిపోకుండా విడదీయాలి. మళ్ళీ మొదటికి రావాలి. వస్తువు ఎటు తిరిగి ఉందో లెక్కగట్టడానికి ఇలాంటి ఇంజిన్లు సాధారణంగా వాడేది హామిల్టన్ క్వాటర్నియన్లనే. ఆయన కూడా ట్రినిటీవాడే కావడం యాదృచ్ఛికమే అయినా చెప్పుకోదగ్గ ముచ్చట. కష్టమంతా వ్యవధిలో ఉంది. తెర మీద సెకనుకు 60 బొమ్మలు మారాలంటే ఒక్కో బొమ్మకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. శత్రువుల ఎత్తుగడలు, ధ్వని, గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే ఆదేశాలు పోగా, ఇటుకలకూ పీపాలకూ మిగిలేది అందులో చిన్న వాటా.

ఆ చిన్న వాటాలో ఏం చేయవచ్చో చూపిన ఆటలు రెండు. 2003లో వచ్చిన మాక్స్ పేన్ 2లో తూటా తగిలిన మనిషి ముందే గీసిపెట్టిన భంగిమలో కాక, తగిలిన చోటును బట్టి, వెనకున్న బల్లను బట్టి, మెట్లను బట్టి పడిపోతాడు. అంతకుముందు ఆటల్లో చచ్చినవాళ్ళందరూ ఒకేలా చచ్చేవారు. ఆటల పరిభాషలో దీన్ని గుడ్డబొమ్మ పద్ధతి అంటారు గానీ, తోలుబొమ్మలాట చూసినవారికి అసలు పోలిక ఏదో తెలుస్తుంది. గుడ్డబొమ్మ ఎటైనా వంగుతుంది. మనిషి దేహానికి కీళ్ళున్నాయి. మోకాలు తలుపు బందులా ప్రధానంగా ఒక్క దిక్కుకే మడత పడుతుంది. తుంటి కీలు గిన్నెలో బంతిలా పలుదిక్కులా తిరుగుతుంది. మోచేయి సుమారు 150 డిగ్రీల దాకా ముడుచుకుంటుంది గానీ వెనక్కి విరగదు. ఈ హద్దులన్నీ ఇంజిన్‌కు చెప్పాలి. చెప్పడంలో పొరపాటు జరిగితే శవం కాళ్ళు మెడకు చుట్టుకుని వణుకుతూ ఉండిపోతుంది. ఆ కాలపు ఆటలాడినవారు అలాంటి వింతలు చూసి నవ్వుకునే ఉంటారు.

రెండోది 2004 నవంబరులో వచ్చిన హాఫ్-లైఫ్ 2. వాల్వ్ సంస్థ హావోక్ ఇంజిన్‌ను తన అవసరాలకు మార్చుకుని వాడింది. అందులో ఒకచోట ఊగుడుబల్ల ఒకటి అడ్డొస్తుంది. ఒక కొసన సిమెంటు ఇటుకలు పేర్చి, బరువుకు బల్ల వంగి నిలిచాక రెండో కొస మీదుగా పైకెక్కి పోవాలి. ఈ చిక్కుముడి విడకపోతే ఆట ముందుకు సాగదు. ఈ ఆటకు కావలసిన కనీస ప్రాసెసర్ వేగం 1.2 గిగాహెర్ట్జ్ మాత్రమే. అంటే అప్పటికే పాతబడిన యంత్రంలోనూ ఆ బల్ల సరిగ్గా అలాగే వంగాలి.

మూడో కార్డు సమస్య అంతా ఈ ఊగుడుబల్లలో ఉంది. ఆట గమనాన్ని మార్చే భౌతికసూత్రం ఏదైనా, ఆ ఆట కొన్న ప్రతివాడి యంత్రంలోనూ పనిచేయాలి. వందలో ఒకడికి ఉండే కార్డు మీద ఆధారపడి ఏ సంస్థా అలాంటి చిక్కుముడిని నిర్మించలేదు. కాబట్టి ఆ కార్డుకు మిగిలేది అలంకారం: ఇంకొన్ని రాళ్ళు, ఇంకాస్త పొగ, ఇంకో చిరిగిన పరదా. గ్రాఫిక్స్ కార్డుకు ఈ ఇబ్బంది లేదు. తక్కువ రకం కార్డు ఉన్నవాడు అదే దృశ్యాన్ని మసకగా చూస్తాడు, ఆట మాత్రం అదే. అప్‌గ్రేడ్ చేసేవాడు తన పెట్టె ఒక్కటే చూసుకుని లెక్కలు వేస్తాడు. కానీ అతడు కొన్న వస్తువు విలువను చాలావరకు నిర్ణయించేది ఎక్కడో ఉన్న నాసిరకం పెట్టె. హావోక్ బతికింది ఈ ఎరుక మీదనే. ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్, పీసీలన్నిటి మీదా తమ ఇంజిన్ నడవాలన్నది వారి పట్టుదల.

అజియా కార్డుకు మొదటి పరీక్ష గోస్ట్ రికాన్: అడ్వాన్స్‌డ్ వార్‌ఫైటర్ అనే ఆట. సమీక్షకులు కార్డు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి పేలుళ్ళను కొలిచారు. కార్డు ఉన్నప్పుడు శకలాలు ఎక్కువగా ఎగిరాయి. సెకనుకు మారే బొమ్మల సంఖ్య మాత్రం తగ్గింది. కారణం ఊహించదగ్గదే. ఎగిరిన ప్రతి శకలాన్నీ చివరకు గ్రాఫిక్స్ కార్డు గీయాలి కదా! 299 డాలర్లు పోసి కంప్యూటర్‌ను నెమ్మదింపజేసుకున్న ఉదాహరణ ఈ రంగంలో అరుదు.

అప్పటికే హావోక్ మరో దారి చూపింది. హావోక్ ఎఫ్ఎక్స్ అనే ఆ పథకంలో భౌతికశాస్త్రాన్ని రెండుగా విడదీశారు. ఆట ఫలితాన్ని మార్చేది ప్రాసెసర్ మీదనే ఉంటుంది. కంటికి ఇంపు కోసం ఉండే వేల శకలాలు గ్రాఫిక్స్ కార్డు మీదకు పోతాయి. ఈ విభజన నిజాయితీ అయినది. గ్రాఫిక్స్ కార్డుల సంస్థలకు ఇది పండగ. 2006లో ఎన్విడియా రెండు కార్డులతో, ఏటీఐ ఏకంగా మూడు కార్డులతో ప్రదర్శనలిచ్చాయి. కొత్త కార్డు కొన్నవాడు పాతదాన్ని పారేయకుండా ఫిజిక్స్ పనికి పెట్టుకోవచ్చని ఏటీఐ ఊరించింది. పొదుపరి గేమరుకు అంతకన్నా తీపి మాట ఉండదు.

ఇంతలో రైలుదారి రెండో కొస కదిలింది. లీక్స్‌లిప్‌కు ఇంటెల్ రావడం 1989లో ఖాయమైంది. కర్మాగారం లేచింది గుర్రాల పెంపకశాల ఉన్న నేల మీద. 2004లో అక్కడి ఫ్యాబ్ 24లో 300 మిల్లీమీటర్ల పలకల మీద ఉత్పత్తి మొదలైంది; 2006లో 65 నానోమీటర్ల పద్ధతి వచ్చింది. కోర్ 2 ప్రాసెసర్లు పుట్టింది ఆ పద్ధతిలోనే. 2006 జులైలో రెండు కోర్లు, ఆ ఏడాది చివరికి నాలుగు కోర్లు. చిక్కేమిటంటే అప్పటి ఆటల్లో చాలావాటికి ఒక్క కోరే చాలు. కాడికి నాలుగెద్దులను కట్టి ఒకదానితోనే లాగిస్తున్నట్టుగా ఉంది వ్యవహారం. ఖాళీగా నిలబడ్డ మూడింటికి పని చూపకపోతే గేమరు తన డబ్బంతా గ్రాఫిక్స్ కార్డు మీద పోస్తాడు. శకలాల లెక్కలు కోర్లకు పంచిపెట్టడానికి అనువైన పని. 2007 సెప్టెంబరులో ఇంటెల్ హావోక్‌ను కొన్నది. పత్రికలు రాసిన మొత్తం సుమారు 11 కోట్ల డాలర్లు. ఆ తరువాత హావోక్ ఎఫ్ఎక్స్ బయటకు రాలేదు. సాంకేతికంగా అది ఓడిపోయిందని చెప్పడానికి ఆధారం లేదు. అది ఎవరి సరుకును అమ్మిపెడుతుందో చూస్తే చాలు.

ఐదు నెలలకు, 2008 ఫిబ్రవరిలో, ఎన్విడియా అజియాను కొన్నది. కొన్ని నెలల్లోనే ఫిజ్‌ఎక్స్ లెక్కలను తన గ్రాఫిక్స్ కార్డుల మీద నడిచేలా మార్చింది. మూడో కార్డు కథ అక్కడితో ముగిసింది. దాన్ని కొన్నవారికి స్లాటులో ఒక జ్ఞాపకం మిగిలింది. ఎన్విడియా పాత కార్డును ఫిజిక్స్ కోసం రెండో స్లాటులో ఉంచుకోనిచ్చింది గానీ, ప్రధాన కార్డు పోటీదారుదైతే ఆ సౌకర్యాన్ని 2009లో డ్రైవర్ ద్వారా ఆపేసింది. 2010లో డేవిడ్ కాంటర్ అనే విశ్లేషకుడు మరో సంగతి బయటపెట్టాడు. ఎన్విడియా కార్డు లేనివారి కంప్యూటర్లలో ప్రాసెసర్ మీద నడిచే ఫిజ్‌ఎక్స్ లెక్కలు ఆధునిక ఆదేశాలతో కాక, 8087 కాలం నుంచి వస్తున్న ఎక్స్87 ఆదేశాలతో నడుస్తున్నాయి. ప్రాసెసర్ ఈ పనికి చాలదన్న వాదానికి ఆ నెమ్మది ఎంతగా తోడ్పడిందో ఊహించుకోవచ్చు. తరువాతి సంవత్సరం వచ్చిన కొత్త వెర్షన్‌లో ఈ లోపాన్ని సరిదిద్దారు.

హావోక్ చేతులు మారుతూనే ఉంది. 2015 అక్టోబరులో ఇంటెల్ నుంచి మైక్రోసాఫ్ట్‌కు వెళ్ళింది. అయినా పోటీదారు అయిన నింటెండో 2017లో తన జెల్డా ఆటను, చేతిలో పట్టుకునే చిన్న యంత్రం కోసం, అదే ఇంజిన్‌తో నిర్మించింది. ఖరీదైన యంత్రాలున్నవారికి హావోక్ ఆటలు అప్పుడప్పుడు తలనొప్పి కూడా తెచ్చిపెట్టాయి. 2011 నాటి స్కైరిమ్‌లో భౌతికలెక్కలు సెకనుకు 60 బొమ్మల వేగానికి ముడిపడి ఉన్నాయి. వేగవంతమైన మానిటర్ కొని ఆ హద్దు దాటించినవారి ఇళ్ళలో గిన్నెలు, పుస్తకాలు బల్లల మీంచి ఎగిరిపడేవి. ఆ అప్‌గ్రేడ్ వల్ల ఆట చెడింది. తగ్గించి ఆడుకుంటే బాగుంది.

2025 జనవరిలో ఎన్విడియా కొత్త తరం కార్డులు వచ్చాయి. వాటిలో పాత 32-బిట్ ప్రోగ్రాములకు కార్డు మీద లెక్కలు చేసే మద్దతు తీసేశారు. దానితో మిర్రర్స్ ఎడ్జ్, బార్డర్‌ల్యాండ్స్ 2 వంటి పాత ఆటల్లో ఫిజ్‌ఎక్స్ భారం ప్రాసెసర్ మీద పడి, అత్యంత ఖరీదైన కంప్యూటర్లలో సైతం పగిలిన అద్దాల దగ్గర ఆట కుంటుపడింది. కొందరు పాత తరం చిన్న కార్డును కేవలం ఆ పని కోసం కొని ఖాళీ స్లాటులో పెట్టుకున్నారు. ఏడాది చివర కొన్ని ఆటలకు ఎన్విడియా ఆ మద్దతును డ్రైవర్ ద్వారా తిరిగి ఇచ్చింది. హాఫ్-లైఫ్ 2లోని ఊగుడుబల్ల మాత్రం ఈ ఇరవై ఏళ్ళలో ఏ స్లాటులో ఏమున్నా, ఏమీ లేకున్నా, ఇటుకల బరువుకు అలాగే వంగుతోంది.