ముందు వెలుతురు

డాలస్‌లో ఉంటున్న మా మేనల్లుడు మొన్న ఫోన్ చేశాడు. వాళ్ల వీధిలో వరసగా రెండిళ్లలో దొంగలు పడ్డారట. వీడు పిస్తోలు కొన్నాడు. "మామయ్యా, దాని కింద బిగించే లైట్లు బోలెడున్నాయి. ఏది తీసుకోవాలో తేలడం లేదు" అన్నాడు. గుడివాడలో పుట్టి పెరిగినవాడు, బందరు చరిత్ర తప్ప ఇంకేమీ తెలియని నన్ను అడగాల్సిన సంగతేనా ఇది? నవ్వి ఊరుకున్నాను. కానీ ప్రశ్న వదల్లేదు. చీకట్లో ఆయుధం పట్టుకున్నవాడికి వెలుతురు ఎక్కడ ఉండాలి? ఇది మన వైపు పాత ప్రశ్నే.

బందరులో డచ్చివాళ్లు 1605లో దిగారు, ఇంగ్లీషువాళ్లు 1611లో. ఆ కాలంలో బాగా చెలామణీలో ఉన్నది వత్తి తుపాకి. నెమ్మదిగా కాలే వత్తి నిప్పు తగిలితేనే మందు అంటుకుంటుంది. అంటే తుపాకి మీద ఎప్పుడూ ఒక నిప్పుకణిక వెలుగుతూ ఉండాలన్నమాట. ఆ వెలుగు ఎదుటివాణ్ణి చూపించదు, తుపాకి పట్టుకున్నవాణ్ణి పట్టిస్తుంది. చెకుముకి రాయి తుపాకులు వచ్చాక ఆ బెడద పోయింది. చీకటి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ చీకటి ఏం చేయగలదో బందరు కోట 1759 ఏప్రిల్ 7 రాత్రి చూసింది. లోపల కాన్‌ఫ్లాన్ కింద ఫ్రెంచివాళ్లు, బయట కల్నల్ ఫోర్డ్ కింద ఇంగ్లీషువాళ్లు. ఫోర్డ్ దగ్గర మందుగుండు అయిపోవచ్చింది. మరోపక్క సలాబత్ జంగ్ సైన్యం దగ్గరికొచ్చేస్తోంది. ఇక ఆగే వీల్లేక, బురదలో దిగి రాత్రిపూటే కోట మీద పడ్డాడు. యార్క్ అనే కెప్టెన్ దళం లోపలికి చొచ్చుకుపోయింది. అక్కడ ఇటుకలతో కట్టిన చిన్న గదిలో మందుగుండు కనబడింది. అది మామూలు ఆయుధాల కొట్టు. ఎవడో "మందుపాతర!" అని కేక పెట్టాడు. అంతే, అప్పటిదాకా తరుముకొస్తున్నవాళ్లంతా వెనక్కి పరుగు తీశారు. యార్క్ పక్కన మిగిలింది డప్పులు వాయించే ఇద్దరు కుర్రాళ్లే. అతను వెళ్లి వాళ్లను మళ్లీ కూడగట్టాల్సి వచ్చింది. కాన్‌ఫ్లాన్‌దీ అదే అవస్థ. దాడి ఏ వైపు అసలైనదో, ఏ వైపు ఉత్తుత్తిదో తేల్చుకోలేకపోయాడు. తెల్లారేసరికి కోట ఇంగ్లీషువాళ్లది. పట్టుబడినవాళ్ల సంఖ్య పట్టుకున్నవాళ్ల సంఖ్యను మించింది. రెండు పక్కలా శిక్షణ ఉన్న సైనికులే. అయినా ఆ రాత్రి ఎవరికీ తన ముందున్నదేమిటో తెలియలేదు.

వందేళ్ల తర్వాత ఈ చీకటి చట్టంలోకీ ఎక్కింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఆత్మరక్షణ హక్కును వివరిస్తూ, రాత్రిపూట ఇంటికి కన్నం వేసి చొరబడేవాడి విషయంలో ఆ హక్కు ప్రాణం తీసేదాకా పోవచ్చంది. దానికీ హద్దులు పెట్టింది, అవసరానికి మించి హాని చేయకూడదని. 98వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది. ఒకడు తనకు హక్కున్న ఇంట్లోకే రాత్రిపూట వెళ్తాడు. ఇంకొకడు మంచి నమ్మకంతోనే వాణ్ణి దొంగ అనుకుని మీద పడతాడు. మీద పడ్డవాడిది నేరం కాదు. కానీ లోపలికి వచ్చినవాడికీ ఆత్మరక్షణ హక్కు పూర్తిగా ఉంటుంది! అంటే ఇద్దరు నిర్దోషులు చట్టబద్ధంగానే ఒకరినొకరు చంపుకోవచ్చు. 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలోనూ ఆ ఉదాహరణ కొనసాగింది. చట్టం ఆ పొరపాటును క్షమించగలదు, పోయిన మనిషిని తీసుకురాలేదు.

ఇక తుపాకులంటారా, లిట్టన్ హయాంలో 1878లో వచ్చిన ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే వాటిని ఉంచుకోనివ్వలేదు. స్వతంత్రం వచ్చాక 1959 చట్టం కూడా లైసెన్సు పద్ధతినే నిలిపింది. దాంతో మా వైపు చాలా ఇళ్లలో కాపలా సామాను రెండే: కర్ర, లైటు. మొదట హరికేన్ లాంతరు, తర్వాత మూడు బ్యాటరీల టార్చిలైటు. బ్యాటరీలు నీరసిస్తే ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లు. దివిసీమ గట్ల మీద రాత్రి నడిచేవాడికి దొంగ కంటే కట్లపాము భయం ఎక్కువ. అడుగు వేసే ముందు లైటు వేయడం నడకతోపాటే వచ్చేది.

మా తాతయ్యది నాగాయలంక వైపు. సంక్రాంతి ముందు కళ్లంలో కుప్పలకు కాపలా పడుకునేవాడు. ఒక రాత్రి కుప్ప వెనక గడ్డి కదిలింది. "ఎవడ్రా?" అంటే పలుకు లేదు. కర్ర పైకి లేచింది. ఎడం చేతిలో లైటు వెలిగింది. గడ్డిలో ముడుచుకుని బాబాయి! సెకండు షో చూసి వచ్చి, తిట్లకు భయపడి నోరు మెదపలేదు. తాతయ్య ఆ రాత్రి తిట్టలేదు. కర్ర కింద పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాడట. "లైటేశాకే కర్రెత్తాల్రా" అనేవాడు తర్వాత. తాను ముందు కర్ర ఎత్తిన సంగతి కూడా దాచకుండా చెప్పేవాడు.

తాతయ్య లైటు ఒక చేతిలో, కర్ర ఒక చేతిలో ఉండేవి. పిస్తోలుకు బిగించిన లైటుతో వచ్చిన చిక్కు ఇక్కడే. ఆ లైటుతో చూడాలంటే పిస్తోలు అటు తిప్పాలి. తెలియని మనిషి ఎవరో తెలుసుకోవడానికి ముందే వాడికి గురిపెట్టినట్టవుతుంది. రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది, తలుపు తీయొచ్చు, పిల్లను ఎత్తుకోవచ్చు, నిజమే. ఆ సౌకర్యానికి కట్టే వెల మాత్రం ఇది.

మళ్లీ ఫోన్ చేసి, ఈమధ్య చదివి తెలుసుకున్నది మా వాడికి చెప్పాను. నీ పిస్తోలు పట్టాకు, ఒరకు సరిగ్గా సరిపోయేది చూసుకో. ల్యూమెన్లు మొత్తం వెలుతురెంతో చెబుతాయి, క్యాండెలాలు అది ఎంత ముద్దగా దూరం పోతుందో చెబుతాయి. ఇంట్లో గదులు చిన్నవి, తెల్లగోడల మీద పడి నీ కళ్లలోకే కొడుతుంది, కాబట్టి అంకె పెద్దదని మురిసిపోకు. పిస్తోలు ఖాళీ చేశాకే బిగించు. దాని మీట ట్రిగ్గర్ దగ్గరికి వేలు పోకుండా అందాలి. వాడకపోయినా బ్యాటరీ మార్చు. పిస్తోలు తాళంలో ఉంచు. వీటన్నిటికంటే ముందు మంచం పక్కన విడిగా ఒక చేతిలైటు పెట్టుకో. గోడ మీద స్విచ్చి ఉంది, నోట్లో "ఎవరది?" ఉంది, వాటినీ మరిచిపోకు.

"దొంగకి ఎవరదని చెప్పి మరీ వెతకాలా మామయ్యా?" అన్నాడు.

"మీ అమ్మ ఆర్నెల్లు అక్కడే ఉంటుందిగా. రాత్రి రెండింటికి మంచినీళ్లకు లేస్తుంది. లైటు వేసే అలవాటు అక్కకు ఎప్పుడూ లేదు" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, చేతిలైటు ఏది మంచిదని అడిగాడు.